విరేచనానికి ముందు నెయ్యి ఎందుకు? కొన్ని అపోహలు, వాస్తవాలు

“సెలవు రెండు రోజులే దొరికింది, ఆ నెయ్యి తాగించడం మానేసి నేరుగా విరేచనం చేయించండి” అని అడిగేవారు తరచూ వస్తూనే ఉంటారు. పంచకర్మ అనే ఆయుర్వేద శుద్ధి చికిత్సల్లోని విరేచనానికీ, మలబద్ధకానికి వేసుకునే మాత్రకూ తేడా లేదన్న అపోహే దీనికి మూలం. మాత్ర పేగుల్లో నిలిచినదాన్ని కదిలిస్తుంది. విరేచనకర్మ అయితే, ఆయుర్వేద సిద్ధాంతం ప్రకారం, ధాతువుల్లో (రక్తమాంసాది శరీర కణజాలాల్లో) లీనమైన దోషాన్ని (అదుపు తప్పిన వాత పిత్త కఫాలను) కోష్ఠానికి (జీర్ణమార్గానికి) రప్పించిన తరువాతనే వెలుపలికి పంపుతుంది. రప్పించే పనంతా పూర్వకర్మదే, అంటే నెయ్యి తాగించడం వంటి ముందస్తు సన్నాహాలదే. పచ్చికాయ నుంచి రసం పిండబోతే కాయే నాశనమవుతుందన్న పోలికను అష్టాంగ హృదయమనే ప్రాచీన ఆయుర్వేద గ్రంథంలో వాగ్భటుడు చెప్పింది ఈ తొందర గురించే.

కాబట్టి దీపన పాచనాలతో (ఆకలిని, అరుగుదలను పెంచే మందులతో) ఆమం (సరిగా అరగక మిగిలినది) తగ్గి, నాలుక మీది పూత పోయి, వేళకు ఆకలి పుట్టాకనే స్నేహపానం, అంటే నెయ్యి తాగడం, మొదలుపెట్టాలి. మృదుకోష్ఠం ఉన్నవారికి (సులువుగా విరేచనమయ్యేవారికి) 3 రోజులు చాలవచ్చు, క్రూరకోష్ఠమైతే (కష్టంగా అయ్యేవారైతే) 7 రోజులు పట్టవచ్చు. ముందురోజు తాగినది ఎంతసేపటికి అరిగిందో చూసి మరునాటి మోతాదు నిర్ణయిస్తాం. త్వరగా ముగించాలని మొదటిరోజే రెట్టింపు తాగిన ఒక పెద్దాయన, నేతి త్రేన్పులతో, అన్నం వాసనే గిట్టని స్థితిలో వచ్చారు. అన్నీ ఆపి మళ్ళీ పాచనం నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది.

మలం మెత్తబడి జిడ్డుగా రావడం, చర్మం నునుపెక్కడం, నెయ్యి చూస్తేనే వెగటు పుట్టడం స్నేహనం పూర్తయిందనడానికి గుర్తులు. ఆ వెగటు చూసి ఏదో వికటించిందని భయపడి అర్ధరాత్రి ఫోన్ చేసేవారున్నారు. వారి ఆందోళన నాకు అర్థమవుతుంది. మిగతా లక్షణాలు కూడా ఉంటే అది మంచి కబురే.

ఇక మర్దన చేయించుకుంటే పంచకర్మ అయిపోయినట్లేనన్నది వట్టి ప్రచారం; అభ్యంగనం (నూనె మర్దన), స్వేదనం (చెమట పట్టించడం) కూడా పూర్వకర్మలో భాగాలే. చికిత్సకు ముందు షుగరు, బీపీ మాత్రలు మానేయాలన్న పుకారు మాత్రం ప్రమాదకరం. స్నేహపానం రోజుల్లో ఆహారం తగ్గుతుంది గనుక షుగరు మందు మోతాదును అది రాసిచ్చిన వైద్యునితో మాట్లాడే సరిచూసుకోవాలి, సొంతంగా కాదు. గర్భిణులు, జ్వరంతో ఉన్నవారు, పిత్తాశయంలో రాళ్ళున్నవారు ఆ సంగతి మొదటిరోజే చెప్పాలి. నెయ్యి తాగిన రోజున వేడినీళ్ళే తాగుతూ, నిజమైన ఆకలి వేసేదాకా ఏమీ తినకుండా, పగటినిద్ర మానుకోవాలి.