ఈగ కాలి మీద కన్ను

మాగిన అరటిపళ్ల మీద ముసిరే పండ్ల ఈగ కన్ను నిజానికి సుమారు 750 చిన్న కళ్ల సముదాయం. ఒక్కో చిన్న కంటిలో వెలుతురును పసిగట్టే కణాలు ఎనిమిది ఉంటాయి. ఈ కన్ను ప్యూపా దశలో (పురుగు రెక్కల ఈగగా మారే దశలో) గాని పూర్తి రూపానికి రాదు, అయితే దానికి మూలమైన కణాల గుంపు మాత్రం గుడ్డులోని పిండంలోనే విడిపడుతుంది. ఆ గుంపు కన్నుగా మారాలని నిర్ణయించే జన్యువుల్లో పేరు మోసినది ‘ఐలెస్’. అది దెబ్బతిన్న ఈగలకు కళ్లు బాగా చిన్నవిగా ఉంటాయి, లేదా అసలే ఉండవు. అలాంటి ఈగలను శాస్త్రజ్ఞులు 1915 నాటికే గుర్తించారు.

స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో వాల్టర్ గెరింగ్ బృందం 1994లో ఈ జన్యువు క్రమాన్ని చదివినప్పుడు, అది ఎలుకల్లోనూ మనుషుల్లోనూ ఉన్న పాక్స్6 జన్యువుకు దగ్గరి చుట్టమని తేలింది. మనిషిలో ఆ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి చెడినా చాలు, కనుపాప చుట్టూ ఉండే రంగు పొర సరిగా ఏర్పడదు. మరుసటి ఏడాది అదే బృందం ఐలెస్‌ను ఈగ డింభకంలో, అంటే గుడ్డు నుంచి వెలువడే పురుగులో, కాళ్లు, రెక్కలు, మీసాలు కావలసిన కణజాలాల్లో పనిచేయించింది. పెరిగిన ఈగలకు ఆయా చోట్ల ఎర్రని కళ్లు మొలిచాయి, వాటిలో వెలుతురు కణాలు కూడా పూర్తిగా ఏర్పడ్డాయి. ఎలుక జన్యువును పెట్టినా అదే జరిగింది, కాకపోతే మొలిచింది ఎలుక కన్ను కాదు, ఈగ కన్నే. నా దృష్టిలో ఆ ప్రయోగంలోని అసలు విశేషం ఇదే: ఆ జన్యువు ఆజ్ఞ ఇస్తుందే తప్ప, కంటి నిర్మాణ పథకం మొత్తం దానిలో లేదు.

ఐలెస్‌ను కంటి తయారీకి ‘యజమాని జన్యువు’ అని అంటుంటారు, అందుకే అది కొంత అతిశయోక్తి. పిండంలో ఐలెస్‌ను మేల్కొలిపేది ‘ట్విన్ ఆఫ్ ఐలెస్’ అనే మరో జన్యువు. ఐలెస్ తన వంతుగా ‘సైన్ ఆక్యులిస్’, ‘ఐస్ ఆబ్సెంట్’ జన్యువులను పనిలోకి దించుతుంది. అవి తిరిగి ఐలెస్ పని ఆగిపోకుండా చూస్తాయి. పైగా ఐలెస్‌ను పనిచేయించినంత మాత్రాన అన్ని చోట్లా కన్ను మొలుస్తుందని కాదు, ఆ చోటి కణాలు అందుకు అనువైన స్థితిలో ఉండాలి.

డింభకం చివరి దశలో, కన్ను కాబోయే పలుచని కణజాలం మీద ఒక సన్నని గాడి వెనక నుంచి ముందుకు జరుగుతూ పోతుంది. గాడి దాటిన చోట ఐలెస్ జోరు తగ్గి, ‘అటోనల్’ జన్యువు చలవతో ఒక్కో చిన్న కంటికి తొలి వెలుతురు కణం ఏర్పడుతుంది. మిగతా ఏడూ దాని చుట్టూ వరస తప్పకుండా చేరతాయి. వాటిలో చివరగా చేరేది అతినీలలోహిత కాంతిని పట్టే కణం. ‘సెవెన్‌లెస్’ జన్యువు చెడితే ఆ ఒక్క కణమే ఏర్పడదు. మామూలు ఈగలు అతినీలలోహిత కాంతి వైపు ఎగబడితే, ఈ ఈగలు మనకు కనిపించే వెలుతురు వైపే పోతాయి.