సోర్స్ కోడ్ ఎస్క్రో: ఒప్పందం ఉన్నా కోడ్ ఎందుకు అక్కరకు రాదు

రిజర్వ్ బ్యాంకు 2023 నవంబరు 7న ఇచ్చిన ఐటీ గవర్నెన్స్ మాస్టర్ డైరెక్షన్ 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. బ్యాంకుల వంటి సంస్థలు కీలకమైన అప్లికేషన్ల సోర్స్ కోడ్‌ను (ప్రోగ్రామర్లు రాసే, చదివి మార్చుకోగల అసలు కోడ్) సాఫ్ట్‌వేర్ ఇచ్చిన వెండర్ దగ్గర తీసుకోవాలని, అది కుదరకపోతే ఎస్క్రో (కోడ్‌ను మధ్యవర్తి దగ్గర ఉంచి, అవసరమైతే విడిపించుకునే ఒప్పందం) గానీ వెండర్ చేతులెత్తేసినా గట్టెక్కించే మరో ఏర్పాటు గానీ చేసుకోవాలని అందులో ఉంది. ఆ తర్వాత వచ్చే అప్‌డేట్లు, ఫిక్స్‌లు కూడా ఎస్క్రోలోకి చేరాలనీ ఉంది. ఒప్పందం మీద సంతకాలు పెట్టి ఫైల్లో దాచుకున్న సంస్థలు ఎక్కువగా తప్పేది ఈ చివరి షరతు దగ్గరే.

కోడ్‌ను మూడో మనిషి దగ్గర ఉంచాల్సిన అవసరం మొదట్లో లేదు. 1960లలో ఐబీఎం మెషీన్ కొంటే సాఫ్ట్‌వేర్ దానితోపాటే వచ్చేది, చాలావాటికి సోర్స్ కూడా అందేది. 1969 జూన్‌లో ఆ సంస్థ సాఫ్ట్‌వేర్‌కు విడిగా ధర పెడతామని ప్రకటించింది. 1983లో కొత్త ఉత్పత్తులకు ఇకపై ఆబ్జెక్ట్ కోడ్ (మెషీన్ నడిపేది, మనిషి చదివి మార్చలేనిది) మాత్రమే ఇస్తామంది. అదే ఏడాది ఆపిల్, ఫ్రాంక్లిన్ కేసులో అమెరికా అప్పీల్ కోర్టు ఆబ్జెక్ట్ కోడ్‌కూ కాపీరైట్ రక్షణ ఉందని తేల్చింది. దాంతో కొన్నవాడికి నడుపుకోవడానికి ప్రోగ్రామ్ ఉంది, బాగుచేసుకోవడానికి కోడ్ లేదు. ఆస్తి లావాదేవీల్లో పత్రాలను, డబ్బును మధ్యవర్తి దగ్గర ఉంచే పద్ధతిని అప్పుడు సాఫ్ట్‌వేర్‌కు తెచ్చుకున్నారు. అమెరికాలో ప్రత్యేక ఎస్క్రో కంపెనీలు ఆ దశకంలోనే పుట్టాయి. బ్రిటన్‌లో మాంచెస్టర్‌లోని నేషనల్ కంప్యూటింగ్ సెంటర్ ఈ పని చేపట్టింది.

చట్టపరంగా మొదటి దెబ్బ సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేని చోట తగిలింది. అమెరికాలో 1985 నాటి లూబ్రిజాల్ కేసు లోహాలకు పూత వేసే ప్రక్రియ లైసెన్సు గురించి. దివాలా తీసిన యజమాని లైసెన్సును తోసిపుచ్చవచ్చని, అలా చేస్తే లైసెన్సుదారుకు ఆ సాంకేతికత వాడుకునే హక్కు మిగలదని కోర్టు చెప్పింది. ఇలాగైతే ఎస్క్రోలో కోడ్ ఉండి లాభమేమిటన్న భయం పరిశ్రమను పట్టుకుంది. 1988లో అమెరికా కాంగ్రెస్ దివాలా చట్టంలో 365(ఎన్) సెక్షన్ చేర్చింది. రాయల్టీ కడుతూ ఉంటే లైసెన్సుదారు హక్కు నిలుస్తుంది. లైసెన్సుకు అనుబంధంగా ఉన్న ఒప్పందాలకూ ఆ రక్షణ వర్తిస్తుంది. అందుకే అమెరికన్ ఎస్క్రో నమూనాల్లో ఆ సెక్షన్ పేరుతో ఒక పేరా తప్పకుండా కనిపిస్తుంది.

ఆ పేరాను ఇక్కడి ఒప్పందంలోకి యథాతథంగా దించుకుంటే ప్రయోజనం లేదు. మన 2016 నాటి దివాలా స్మృతిలో అలాంటి సెక్షనే లేదు. పైగా దివాలా దరఖాస్తును ట్రిబ్యునల్ స్వీకరించగానే 14వ సెక్షన్ కింద మారటోరియం, అంటే కంపెనీ ఆస్తుల బదిలీ వంటి వాటిపై తాత్కాలిక నిషేధం, మొదలవుతుంది. కోడ్ విడుదల చేయడమంటే కంపెనీ ఆస్తిని బదిలీ చేయడమేనని దివాలా ప్రక్రియ నడిపే రిజల్యూషన్ ప్రొఫెషనల్ వాదించవచ్చు. 2021లో గుజరాత్ ఊర్జా కేసులో, దివాలా ఒక్కటే కారణంగా విద్యుత్ కొనుగోలు ఒప్పందం రద్దు కాకుండా ట్రిబ్యునల్ ఆపడాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. అలాంటి షరతులన్నీ చెల్లవని మాత్రం అనలేదు. కాబట్టి 'వెండర్ దివాలా తీస్తే' అన్న ఒక్క షరతు మీదే ఆధారపడకూడదు. తీవ్రమైన లోపాన్ని చెప్పిన గడువులో సరిచేయకపోవడం, సపోర్ట్ ఆపేయడం, ఉత్పత్తిని మూసేయడం వంటివి విడివిడిగా, రోజుల లెక్కతో రాసుకోవాలి. కంపెనీ కుప్పకూలడానికి చాలా ముందే సపోర్ట్ ఆగిపోతుంది.

ఇంకో గొయ్యి కాపీరైట్ చట్టంలో ఉంది, దీన్ని గమనించేవాళ్లు తక్కువ. హక్కుల బదిలీ గురించిన 19వ సెక్షన్ 30ఎ సెక్షన్ ద్వారా లైసెన్సులకూ వర్తిస్తుంది. ఇచ్చిన హక్కును ఏడాదిలోగా వాడకపోతే అది పోయినట్టే. కాలపరిమితి రాయకపోతే 5 ఏళ్లు. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ఒప్పందంలో వేరేగా రాసుకుంటేనే వీటి నుంచి బయటపడేది. ఎస్క్రో హక్కు ఏళ్ల తరబడి వాడకుండా పడి ఉండేదే కదా! అందుకని లైసెన్సును సంతకం రోజునే ఇచ్చినట్టు, విడుదల తర్వాతే వాడుకునేట్టు, ఏడాది నియమం వర్తించనట్టు స్పష్టంగా రాయాలి. కోడ్‌ను మార్చుకునే హక్కు, ఆ పనికి బయటి ఇంజనీర్లను పెట్టుకునే హక్కు కూడా అందులోనే ఉండాలి.

కాగితం ఎంత పక్కాగా ఉన్నా, ఎస్క్రోలో పెట్టిన డిపాజిట్ బిల్డ్ కాకపోతే, అంటే దాని నుంచి నడిచే ప్రోగ్రామ్ తయారు కాకపోతే, వృథా. కోడ్ దాచే రిపాజిటరీని జిప్ చేసి పంపితే సరిపోదు. బిల్డ్ స్క్రిప్టులు, కంపైలర్ వెర్షన్లు, వెండర్ సొంత సర్వర్లో ఉండే లైబ్రరీలు, రిపోర్టు టూల్ లైసెన్స్ కీలు, సైనింగ్ సర్టిఫికెట్, ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైల్ పాస్‌వర్డ్ అన్నీ కావాలి. బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్‌లో వ్యాపార తర్కం చాలాభాగం డేటాబేస్‌లోనే నడిచే చిన్న ప్రోగ్రాముల్లో, అంటే స్టోర్డ్ ప్రొసీజర్లలో ఉంటుంది. అవి రిపాజిటరీలోకి రాకపోతే కోడ్ కంపైల్ అవుతుంది గానీ వడ్డీ లెక్క తేలదు.

ఫైళ్ల జాబితా, హ్యాష్ (ఫైల్‌కు వేలిముద్ర లాంటి సంఖ్య) సరిచూడటం పరీక్షలో మొదటి మెట్టు మాత్రమే, దాంతో తెలిసేది ఫైల్ చెడిపోలేదని. అసలు పరీక్ష ఖాళీ మెషీన్ మీద, నెట్ కనెక్షన్ తీసేసి, వెండర్ డెవలపర్ కాని మనిషి పత్రాలు మాత్రమే చూసి బిల్డ్ చేయడం. వచ్చిన ప్రోగ్రామ్‌ను ప్రొడక్షన్‌లో (రోజువారీ వాడకంలో) నడుస్తున్న వెర్షన్‌తో పోల్చాలి. ఎక్కడ ఆగిందో రాసి, లోపించింది వెండర్ చేత తెప్పించి, మళ్లీ మొదటి నుంచి చేయాలి. ప్రతి పెద్ద రిలీజ్‌కూ కొత్త డిపాజిట్, ఏడాదికి ఒకసారైనా పూర్తి బిల్డ్ పెట్టుకుంటే మంచిది.

విడుదల కోరినప్పుడు కూడా కోడ్ దాచిన ఎస్క్రో ఏజెంట్ వెంటనే ఇచ్చేయడు. వెండర్‌కు నోటీసు వెళ్తుంది, అభ్యంతరం చెప్పడానికి గడువు ఉంటుంది. అభ్యంతరం వస్తే విషయం ఆర్బిట్రేషన్‌కు పోతుంది. ఎవరిది న్యాయమో తేల్చడం ఏజెంట్ పని కాదు. ఆర్బిట్రేటర్ ఎన్ని రోజుల్లో తేల్చాలో ముందే రాయకపోతే నెలలు గడిచిపోతాయి.

క్లౌడ్ వచ్చాక సోర్స్ ఒక్కటే సరిపోని పరిస్థితి ఏర్పడింది. 2013 సెప్టెంబరులో నిర్వానిక్స్ అనే క్లౌడ్ స్టోరేజ్ సంస్థ మూతపడుతున్నప్పుడు డేటా తీసుకెళ్లమని కస్టమర్లకు మొదట ఇచ్చిన గడువు దాదాపు రెండు వారాలే. అలాంటి సర్వీసుకు ఎస్క్రో అంటే కోడ్‌తోపాటు సర్వర్లను నిలబెట్టే స్క్రిప్టులు, తాజా డేటా బ్యాకప్, క్లౌడ్ ఖాతాలోకి వెళ్లే అధికారం కూడా. వెండర్ ఖాతాలో బిల్లు కట్టడం ఆగిపోతే సర్వర్లు ఆగిపోతాయి. అందుకే మొదటి రెండు మూడు నెలల క్లౌడ్ బిల్లు ఎవరు, ఏ ఖాతా నుంచి కడతారో కూడా ఒప్పందంలో రాసుకోవాలి.