ఎనిమిదిలో మూడు పోతే ఐదు: హిగ్స్ ఒక్కటే ఎందుకుండాలి?

2012 జూలై 4న సెర్న్ (జెనీవా దగ్గరి కణ భౌతికశాస్త్ర ప్రయోగశాల) వాళ్ళు హిగ్స్, అంటే మిగతా మౌలిక కణాలకి బరువిచ్చే ఫీల్డ్ తాలూకు కణం, దొరికిందని చెప్పాక ఆ కథ అక్కడితో అయిపోయిందని చాలామంది అనుకున్నారు. అయిపోలేదు. దొరికింది హిగ్సే, సరే, కానీ అలాంటిది ఒక్కటే ఉండాలని ఎక్కడా రాసి లేదు. ఎలక్ట్రాన్ లాంటివే బరువైనవి ఇంకో రెండున్నాయి (మ్యూయాన్, టావు), ప్రోటాన్ల లోపలుండే క్వార్కులు ఆరు రకాలు, న్యూట్రినోలు మూడు. హిగ్స్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒక్కటే అనుకుంటున్నామంటే, ఒక్కటైతే లెక్క తేలికని, ఇప్పటిదాకా దానితోనే పని జరిగిపోతోందని, అంతే.

ఇంకోటి చేరిస్తే ఏమవుతుందో చూద్దాం. స్టాండర్డ్ మోడల్‌లో, అంటే తెలిసిన మౌలిక కణాల సిద్ధాంతంలో, హిగ్స్ ఫీల్డ్ ఒక డబులెట్ (జంటగా ఉండే ఫీల్డ్), దానికి నాలుగు భాగాలు. అందులో మూడింటిని బలహీన బలాన్ని మోసే డబ్ల్యూ ప్లస్, డబ్ల్యూ మైనస్, జడ్ కణాలు మింగేసి బరువు తెచ్చుకుంటాయి, మిగిలిన ఒక్కటే 125 జీఈవీ దగ్గర, అంటే ప్రోటాన్‌కి 133 రెట్ల బరువుతో, మనకు కనిపించింది. డబులెట్లు రెండున్నాయనుకోండి: భాగాలు ఎనిమిది, మింగేవి అవే మూడు, కాబట్టి ఐదు మిగులుతాయి. ఛార్జ్ లేనివి మూడు, ప్లస్ ఛార్జ్‌తో ఒకటి, మైనస్‌తో ఒకటి.

ఈ మోడల్‌ని భౌతికశాస్త్రవేత్త టి.డి. లీ 1973లోనే రాశాడు. పదార్థానికీ ప్రతిపదార్థానికీ మధ్య కనిపించే చిన్న తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందన్నది ఆయన ప్రశ్న. ఆ ప్రశ్న ఇప్పటికీ బతికే ఉంది, ఎందుకంటే 125 జీఈవీ హిగ్స్ ఒక్కటే ఉంటే తొలి విశ్వం చల్లబడుతున్నప్పుడు హిగ్స్ ఫీల్డ్ కణాలకి బరువివ్వడం మొదలుపెట్టిన మార్పు మరీ నున్నగా జరిగిపోతుంది, పదార్థం ఎక్కువ మిగలడానికి కావలసిన కుదుపు రాదు. రెండో డబులెట్ ఉంటే ఆ కుదుపు రావచ్చు. సూపర్‌సిమెట్రీకైతే (తెలిసిన ప్రతి కణానికీ ఒక జోడీ కణం ఉంటుందనే సిద్ధాంతం) రెండు డబులెట్లు తప్పనిసరి.

బానే ఉంది, మరి పరీక్షించేదెలా? అందరికీ మొదట తట్టేది, డేటా గ్రాఫులో కొత్త బుడిపె (కొత్త కణం ఉంటే దాని బరువు దగ్గర వచ్చే ఉబ్బు) కోసం వెతకడం. దీంట్లో ఎంత టెన్షనో 2015 డిసెంబర్‌లో చూశాం: రెండు ఫోటాన్ల (కాంతి కణాల) డేటాలో 750 జీఈవీ దగ్గర అట్లాస్‌కీ, సీఎంఎస్‌కీ (సెర్న్‌లో ప్రోటాన్లని ఢీకొట్టే ఎల్‌హెచ్‌సీ యంత్రంలోని రెండు డిటెక్టర్లు) ఏదో కనిపించింది, కొన్ని నెలల్లోనే దానిమీద వందల పేపర్లు వచ్చిపడ్డాయి (అందులో రెండో హిగ్స్ అన్నవాళ్ళు బోలెడుమంది), 2016 ఆగస్టుకి కొత్త డేటా చేరగానే బుడిపె మాయం. ఇప్పుడు 95 జీఈవీ దగ్గర ఇంకోటి నడుస్తోంది, సీఎంఎస్‌లో 2.9 సిగ్మా, అట్లాస్‌లో 1.7 (సిగ్మా ఎంత ఎక్కువైతే అది ఉత్త కాకతాళీయం అయ్యే అవకాశం అంత తక్కువ). కొత్త కణం దొరికిందని చెప్పడానికి 5 సిగ్మా కావాలి కాబట్టి నేనైతే ఇంకా లేచి కూర్చోలేదు. అది నిజమే అయినా, ఛార్జ్ లేని కణం కాబట్టి రెండో డబులెట్‌దే అని చెప్పలేం, ఏ డబులెట్‌కీ చెందని ఒంటరి ఫీల్డ్‌దీ కావచ్చు.

అందుకే నా ఓటు ఛార్జ్ ఉన్న హిగ్స్‌కి. స్పిన్ (కణానికి సహజంగా ఉండే భ్రమణం లాంటి గుణం) లేకుండా, ఛార్జ్ మాత్రం ఉన్న మౌలిక కణం స్టాండర్డ్ మోడల్‌లో ఒక్కటి కూడా లేదు. అది కనిపిస్తే హిగ్స్ ఒక్కటే అన్న మాట అక్కడికక్కడే పోతుంది.

దాన్ని వెతికే పద్ధతి చాలా అందంగా ఉంటుంది. ఆరు క్వార్కుల్లోకీ బరువైన టాప్ క్వార్క్ బరువు 173 జీఈవీ దాకా ఉంటుంది, దాదాపు ఎప్పుడూ అది ఒక బాటమ్ క్వార్క్‌గా, ఒక డబ్ల్యూగా విడిపోతుంది. డబ్ల్యూకి పక్షపాతం లేదు, ఎలక్ట్రాన్, మ్యూయాన్, టావు మూడింటినీ ఇంచుమించు సమానంగా ఇస్తుంది. హిగ్స్ అలా కాదు, బరువైనవాటి వైపే మొగ్గుతుంది, టావు బరువేమో మ్యూయాన్‌కి దాదాపు 17 రెట్లు. టాప్ కన్నా తేలికైన ఛార్జ్ హిగ్స్ గనక ఉంటే, అప్పుడప్పుడు డబ్ల్యూ బదులు అది వచ్చి, టాప్‌ల డేటాలో టావులు ఉండాల్సినదానికన్నా ఎక్కువ కనిపించాలి. 2015 నుంచి 2018 దాకా ఎల్‌హెచ్‌సీ ఒక్కో డిటెక్టర్‌లో పది కోట్లకు పైగా టాప్ జంటల్ని పుట్టించింది. అదనపు టావులు కనిపించలేదు.

టాప్ కన్నా బరువైతే పని కష్టం. అప్పుడది టాప్, బాటమ్‌లుగా విడిపోవచ్చు, ఎల్‌హెచ్‌సీలో అలాంటి చెత్త మామూలుగానే కుప్పలు తెప్పలు. ఇక్కడ ఇంకో దారి ఆదుకుంటుంది. బాటమ్ క్వార్క్ ఎప్పుడో ఒకసారి ఫోటాన్‌ని వదిలి స్ట్రేంజ్ క్వార్క్‌గా మారుతుంది, ఆ మార్పులో ఛార్జ్ హిగ్స్ ఓ క్షణం తలదూర్చినా లెక్క మారిపోతుంది. బాటమ్ క్వార్కుల్ని పరిశీలించిన బెల్, బాబర్ ప్రయోగాల కొలతలు చూస్తే, టైప్ 2 అనే రకంలో (ఒక డబులెట్ టాప్ వైపు క్వార్కులకి, రెండోది బాటమ్ వైపు క్వార్కులకీ టావు లాంటివాటికీ బరువిస్తుంది) ఛార్జ్ హిగ్స్ 600 జీఈవీకి కింద ఉండడం కష్టం. టైప్ 1కి (అన్నిటికీ ఒకే డబులెట్ బరువిచ్చే రకం) ఆ కట్టడి అంత గట్టిగా లేదు. ఇలాంటి మోడల్స్ చచ్చిపోవు, మూలకి జరుగుతాయంతే.

మూడో దారి, దొరికిన హిగ్స్‌నే ఇంకా నిశితంగా కొలవడం. ఇప్పటికి దాని ప్రవర్తన మొత్తమ్మీద 6 శాతం లోపు తేడాతో స్టాండర్డ్ మోడల్‌కి సరిపోతోంది. వినడానికి గట్టిగానే ఉంది కానీ, రెండు డబులెట్ల మోడల్‌లో జడ్‌తో దాని బంధంలో వచ్చే తేడా మిశ్రమం (దొరికిన హిగ్స్‌లో రెండో హిగ్స్ ఎంత కలిసిందన్న కొలత) వర్గాన్ని బట్టి ఉంటుంది. మిశ్రమం 0.1 అయితే తేడా అర శాతమే. అంత చిన్న తేడాని చూసే శక్తి ఎల్‌హెచ్‌సీకి లేదు. సెర్న్‌లో వాళ్ళు ప్లాన్ చేస్తున్న 91 కిలోమీటర్ల చుట్టుకొలత ఎలక్ట్రాన్, పాజిట్రాన్ యంత్రం అలాంటి తేడాల్నే పట్టుకోగలదు, అయితే హిగ్స్‌ల కోసం అది నడిచేది 240 జీఈవీ శక్తి దగ్గర, కాబట్టి 600 జీఈవీ ఛార్జ్ హిగ్స్‌ని అది నేరుగా పుట్టించలేదు.