రేగడి మీద రాంచ్ ఇల్లు

ఆగస్టు మధ్యాహ్నం. డాలస్‌కి ఉత్తరాన, మేం గృహప్రవేశం చేసి నాలుగు నెలలైన ఇంటి గ్యారేజీ పక్కన నాన్న గొంతుక్కూర్చుని నేలలోకి చూస్తున్నాడు. కాంక్రీటు అంచుకీ మట్టికీ మధ్య బొటనవేలు పట్టేంత సందు. స్టీలు స్కేలు తెచ్చి అందులోకి దింపాను. తొమ్మిది అంగుళాలు దిగితే గానీ ఆగలేదు. నాన్న ఒక గడ్డ పెళ్లగించి, గొట్టం నీళ్లతో తడిపి, చపాతీ పిండిలా పిసికి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ పట్టీలా సాగదీశాడు. తెగకుండా మూడంగుళాలు వచ్చింది.

“ఒరే, ఇది మన నల్లరేగడేరా! గరుసు పొయ్యకుండా దీనిమీద ఇల్లెట్లా కట్టారు?”

గుంటూరు జిల్లాలో ముప్పై ఏళ్లు పత్తి పండించిన మనిషి. ఆయన చేసిన ఆ పట్టీ పరీక్ష మట్టి శాస్త్రవేత్తలు కూడా పొలంలో చేసేదే. పట్టీ రెండంగుళాలు దాటి సాగితే అది బంకమట్టి అని లెక్క. నేను ఆ నాలుగు నెలలూ మొక్కల కేటలాగులు చూశాను తప్ప మట్టిని ఒక్కసారి కూడా చేత్తో పట్టుకుని చూడలేదు.

టెక్సస్‌లో రెడ్ రివర్ దగ్గర మొదలై డాలస్, ఆస్టిన్ మీదుగా శాన్ ఆంటోనియో దాకా ఒక నల్లటి పట్టీ ఉంది. పేరు బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ. ఒకప్పుడు పత్తికి పెట్టింది పేరు. ఇప్పుడు ఆ చేలల్లోనే మన తెలుగువాళ్ల కాలనీలు లేస్తున్నాయి. ఇక్కడి మట్టి రకాల్లో ‘హ్యూస్టన్ బ్లాక్’ అనేది టెక్సస్ రాష్ట్ర మట్టి. మనకి రాష్ట్ర పక్షి ఉన్నట్టు వీళ్లకి రాష్ట్ర మట్టి కూడా ఉంది! పుట్టుకలో మన రేగడికీ దీనికీ పోలిక తక్కువే. దక్కన్‌లో రేగడి ఎక్కువగా లావా గడ్డకట్టిన బసాల్ట్ రాయి నుంచి పుట్టింది. ఇక్కడిది డైనోసార్ల కాలంలో సముద్రం అడుగున పేరుకున్న సుద్ద, సున్నపు బురద నుంచి వచ్చింది. గుణం మాత్రం ఒకటే. రెండింట్లోనూ ఉన్నది స్మెక్టైట్ అనే బంక ఖనిజం.

ఈ స్మెక్టైట్‌ని పూతరేకుల దొంతర అనుకోండి. ఒక్కో రేకు మందం దాదాపు ఒక నానోమీటరు, అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. రేకుకీ రేకుకీ మధ్య పట్టు గట్టిగా ఉండదు. నీళ్లు ఆ సందుల్లోకి దూరి రేకుల్ని ఎడం చేస్తాయి, మట్టి ఉబ్బుతుంది. ఎండలు ముదిరితే ఆ నీళ్లు పోయి రేకులు దగ్గరకొస్తాయి, మట్టి బీటలు తీస్తుంది. పైమట్టి ఆ బీటల్లోకి రాలుతుంది. తర్వాత వానకి అడుగు ఉబ్బి పైకి నెడుతుంది. ఇలా ఏటేటా కింద మట్టి మీదికీ, మీది మట్టి కిందికీ మారుతుంటుంది. ఈ జాతి నేలలకి శాస్త్రం పెట్టిన పేరు వర్టిసాల్. లాటిన్‌లో ‘తిరగేయడం’ అనే మాట నుంచి వచ్చింది. నాన్న దాన్నే “తన్ను తానే దున్నుకునే నేల” అంటాడు.

దున్నుకునే నేల పత్తికి మంచిదే, ఇంటికే చిక్కు. ఇండియాలో ఇలాంటి నేలల కోసమే అడుగున గంటలా వెడల్పయ్యే అండర్-రీమ్డ్ పైల్స్ అనే పునాది స్తంభాలు వాడతారు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వాటిమీద చాలా పని చేసింది. మట్టి కదలని లోతుకి పునాదిని దింపడం అందులోని కిటుకు. డాలస్ కాలనీల్లో పద్ధతి వేరు. లోపల ఉక్కు తీగల్ని బిగలాగి కట్టిన కాంక్రీటు పలకని పడవలా మట్టి మీదే కూర్చోబెడతారు. మట్టి కదిలితే పలక మొత్తం ఒకేలా కదలాలి. ఒక పక్క లేచి ఒక పక్క దిగితేనే గోడలు చిట్లుతాయి, తలుపులు పట్టేస్తాయి. పలక నడుమ కింద తేమ పెద్దగా మారదు. ఎండేదీ తడిసేదీ అంచులే. తోట వేసేదీ ఆ అంచుల వెంబడే! అందుకే ఈ ఊళ్లో తోటపని అంటే సగం పునాది పనే.

పైగా మాది రాంచ్ ఇల్లు. పేరు చూసి పశువుల కొట్టం అనుకోకండి. ఒకటే అంతస్తు, పొడవాటి ఒళ్లు, వాలు తక్కువ కప్పు. 1930లలో కాలిఫోర్నియాలో క్లిఫ్ మే అనే డిజైనర్ ఊపు తెచ్చిన నమూనా, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా శివార్లంతా పాకింది. అమ్మానాన్నలకి మెట్లెక్కే బాధ ఉండదని మనవాళ్లు కూడా కొంటున్నారు. కానీ రెండంతస్తుల్లో సర్దుకునే ఇల్లు నేలమీద పరుచుకుంటే కప్పు పెద్దదవుతుంది, మట్టిని తాకే అంచు పొడవవుతుంది. లెక్క వేసి చూడండి. 3,000 చదరపు అడుగుల కప్పు మీద ఒక్క అంగుళం వాన పడితే సుమారు 7,000 లీటర్ల నీళ్లు. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌కి వచ్చే 5,000 లీటర్ల ట్యాంకరుతో కొలిస్తే దాదాపు ఒకటిన్నర ట్యాంకరు, గంటలో, గోడ పక్కన.

ఆ నీళ్లకి దారి చూపడం అన్నిటికంటే ముందు పని. నేను దాన్నే చెడగొట్టాను. ఏప్రిల్‌లో దిగగానే ఉత్సాహం ఆపుకోలేక గోడవారగా చెక్కలతో దడి కట్టి, తోటమట్టి పోసి, గులాబీలు పెట్టాను. మే నెల ఇక్కడ వానల నెల. మొదటి గాలివానకే ఆ దడి ఆనకట్టయింది. నీళ్లు గోడకి ఆనుకుని రెండు రోజులు నిలిచాయి. ఇటుకల అడుగు వరసలో గాలి ఆడటానికి, చెమ్మ పోవడానికి చిన్న సందులు వదులుతారు. నేను పోసిన మట్టి వాటిని కూడా కప్పేసింది. చెదపురుగులకి అంతకంటే మంచి దారి ఉండదు. అన్నీ పీకి మళ్లీ చేశాను. ఇంటి నుంచి మొదటి పది అడుగుల్లో నేల ఆరంగుళాలు వాలాలి, మట్టి ఎప్పుడూ ఆ సందులకి కిందే ఉండాలి. వాలు కుదరని పక్క కంకర, చిల్లుల పైపు వేసి కాలవ తీశాను. పైపు ఎనిమిది అడుగులకి ఒక అంగుళం దిగినా చాలు, నీళ్లు నడుస్తాయి.

పలుగు పట్టే ముందు ఒక ఫోను. 811కి చెబితే ఉచితంగా వచ్చి భూమిలో ఏం ఉందో గుర్తులు పెట్టి వెళ్తారు. ఎరుపు కరెంటు, పసుపు గ్యాసు, నారింజ ఇంటర్నెట్ తీగలు, నీలం మంచినీళ్లు, ఆకుపచ్చ మురుగు. మా పెరట్లో సరిగ్గా నేను దానిమ్మ పెడదామనుకున్న చోటే పసుపు జెండా నిలబడింది.

వానలకి ఒక బాధ, ఎండలకి ఇంకో బాధ. వేసవిలో ఇంటి చుట్టూ, గోడకి అడుగు, అడుగున్నర దూరంలో నీళ్లు చెమరించే గొట్టం పరిచి నెమ్మదిగా తడపాలి. నాన్న పడీపడీ నవ్వాడు. “చేనుకి నీళ్లు పెట్టడం చూశాం, ఇంటికి నీళ్లు పెట్టడం ఇప్పుడే చూస్తున్నా.” కానీ చుట్టూతా సమానంగా పెట్టాలి. ఇంటి ముందు పూలమొక్కలకి రోజూ నీళ్లు పోసి వెనక పక్క ఎండబెడితే, అసలు పెట్టకపోవడం కంటే అదే చేటు. పెద్దయ్యే చెట్లని గోడకి దూరంగా వేయమనేదీ ఇందుకే. లైవ్ ఓక్ లాంటి పెద్ద చెట్ల వేర్లు పలకని పగలగొడతాయని అందరూ భయపడతారు గానీ, అవి పలక కిందినుంచి తేమ లాగేసి మట్టిని కుదించడమే ఎక్కువ ప్రమాదం.

ఇక కొత్త ఇంటి మట్టి సంగతి. దాన్ని మట్టి అనడానికి నాకు మనసు రాదు. పునాదికి తవ్విన అడుగుమట్టిని పెరట్లో పరిచి, బరువైన యంత్రాలు దానిమీద నెలల తరబడి తిరిగి, చివర్లో చాపల్లాంటి పచ్చిక పరిచి తాళాలు చేతిలో పెడతారు. మా పెరట్లో రెండు మేకులు, సిమెంటు పెచ్చులు, ఒక శీతలపానీయం డబ్బా దొరికాయి. అలా అణగిపోయిన బంకమట్టిలో గాలి ఆడే సందులే ఉండవు. అడుగు లోతు గొయ్యి తీసి, ఒకసారి నీళ్లు నింపి ఇంకనిచ్చి, మళ్లీ నింపి చూడండి. గంటకి అంగుళం కూడా దిగకపోతే అక్కడ చాలా మొక్కల వేర్లకి ఊపిరాడదు. మాది పొద్దున్న నింపితే సాయంత్రానికి కూడా అద్దంలా నిలిచే ఉంది.

ఇసుక కలపమని పక్కింటాయన సలహా ఇచ్చాడు. మంచి మనసుతోనే చెప్పాడు. కానీ బంకమట్టిలో కొంచెం ఇసుక కలిపితే ఇసుక రేణువుల మధ్య సందుల్ని బంక పూడ్చేస్తుంది. చేతికొచ్చేది ఇటుకే. జిప్సం సంచులు కూడా అమ్ముతారు. సోడియం ఎక్కువైన చౌడు నేలకి అది మందు. సున్నం మీద పుట్టిన ఈ నేలలో కాల్షియానికి కొదవేమీ లేదు. పనికొచ్చేవి రెండు. ఒకటి బాగా మాగిన కంపోస్టు. రెండోది బట్టీలో కాల్చి ఉబ్బించిన షేల్ రాతి ముక్కలు. టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ వ్యవసాయ విస్తరణ విభాగం సిఫారసు చేసేది ఇదే. బొరుగుల్లా తేలిగ్గా ఉండే ఆ ముక్కలు మట్టిలో గాలికి శాశ్వతంగా చోటు పెడతాయి. మూడంగుళాల షేల్, మూడంగుళాల కంపోస్టు పరిచి కలపడానికి నాకు మూడు శనివారాలు పట్టింది, నడుము పట్టేసింది కూడా.

పచ్చిక దగ్గరికొస్తే నవ్వొస్తుంది. ఇక్కడ డాలర్లు పోసి పరిపించే బర్ముడా గ్రాస్ మన గరికే. వినాయకుడికి పెట్టే గరిక! లాన్లలో వేసేవి ఎక్కువగా సంకర రకాలే గానీ వంశం అదే. దాని పక్కనే, పిలవని పేరంటంలా, తుంగ. పొలంలో నాన్నని ఏడిపించిన తుంగ ఇక్కడ నన్ను ఏడిపిస్తోంది. ఆకు పీకితే కింద గడ్డ మిగిలి మళ్లీ మొలుస్తుంది. స్ప్రింక్లరు సంగతి కూడా చెప్పాలి. బంకనేల పీల్చుకునే వేగం కంటే అది చిమ్మే వేగం ఎన్నో రెట్లు ఎక్కువ. ఇరవై నిమిషాలు వదిలితే సగం నీళ్లు రోడ్డు పాలు. ఐదేసి నిమిషాల చొప్పున, మధ్యలో అరగంట, గంట ఆగి వదిలితే ఇంకుతాయి.

సున్నపు నేల కాబట్టి పీహెచ్ 8కి అటూఇటూగా, అంటే కాస్త క్షారంగా ఉంటుంది. మట్టిలో ఇనుము ఉన్నా వేర్లకి అందదు. నా గార్డీనియా ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి మిగతాదంతా పసుపెక్కి, జూలైకల్లా పోయింది. అత్తి, దానిమ్మ ఈ మట్టిని పట్టించుకోవు. చలి లెక్క వేరు. 2021 ఫిబ్రవరి 16న డాలస్‌లో మైనస్ 19 డిగ్రీల సెల్సియస్‌కి పడింది. ఊరంతా ఇళ్ల ముందున్న సాగో పామ్‌లు, ఇండియన్ హాతార్న్ పొదలు మాడిపోయాయి. కరివేపాకు కుండీలోనే ఉండాలి, చలికాలం ఇంట్లోకి రావాలి. ఆ మొక్కని ఇండియా నుంచి సూట్‌కేసులో తేవడం మాత్రం వద్దు. నిమ్మజాతిని చంపే గ్రీనింగ్ తెగులుని మోసే పురుగు దానిమీద బతుకుతుంది.

కూరగాయల మడి నాన్నే వేశాడు. టమాటా పూసింది గానీ కాయలేదు. రాత్రి వేడి 24 డిగ్రీల కిందికి దిగకపోతే పుప్పొడి పనిచేయదు, పూత రాలిపోతుంది. బెండ, సొర మాత్రం ఆ ఎండకే రెచ్చిపోయాయి. గోంగూర నా భుజాల దాకా లేచింది. పగలు పొట్టిదయ్యేదాకా అది పూతకి రాదు, వేసవంతా ఆకే.

నాన్న సెప్టెంబరులో వెళ్లిపోయాడు. అక్టోబరు చివర్లో మూడు రోజుల వాన తర్వాత గోంగూర పూసింది. గ్యారేజీ పక్కకి వెళ్లి, అదే స్కేలు అదే చోట దింపబోయాను. అరంగుళం కూడా దిగలేదు, మట్టి వచ్చి కాంక్రీటుని హత్తుకుంది. వీడియో కాల్‌లో చూపించాను.

“తలుపులు పట్టేస్తున్నాయా?” అన్నాడు.

“లేదు నాన్నా.”

“అయితే ఆ వెనకాల తుంగ కనబడుతోంది, ముందు అది తవ్వు. పీకొద్దు, గడ్డతో తవ్వు.”