పాత లివర్ యాక్షన్ రైఫిళ్లు: బరువు, తూకం గురించి అపోహలు - వాస్తవాలు

అమెరికాలో పాత తుపాకులను శుభ్రం చేసి, కొలతలు తీసి, కేటలాగు రాయడం నా పని. ఆ సంగతి తెలియగానే ఇక్కడి మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్నతోనే మొదలుపెడతాను.

అపోహ: సినిమాల్లో ఒంటిచేత్తో గిరగిరా తిప్పేస్తారు కాబట్టి లివర్ యాక్షన్ రైఫిళ్లు (ట్రిగ్గర్ దగ్గరి మీటను ముందుకు తోసి వెనక్కి లాగితే తర్వాతి తూటా ఎక్కేవి) తేలిక.

వాస్తవం: ఏ మోడల్ అన్నది చూడాలి. పాత కౌబాయ్ సినిమాల్లో కథ 1870లలో జరుగుతున్నా, హీరో చేతిలో చాలాసార్లు వించెస్టర్ 1892 కార్బైన్ (పొట్టి రైఫిల్) ఉంటుంది. దాని బ్యారెల్ 20 అంగుళాలు, బరువు మూడు కిలోల లోపే. కథాకాలానికి సరిపోయే 1873 మోడల్ 24 అంగుళాల రైఫిల్ ఇస్తే నాలుగు కిలోలు. దాన్ని అలా తిప్పితే మణికట్టు పట్టేస్తుంది.

అపోహ: పసుపు రంగు ఇత్తడి బాడీ వల్లే 1860 హెన్రీ, 1866 వించెస్టర్ రైఫిళ్లు బరువెక్కాయి.

వాస్తవం: అది ఇత్తడి కూడా కాదు, గన్‌మెటల్. మన కంచు జాతి లోహం. ఇనుము కంటే బరువే కానీ, తేడా పదో వంతుకు అటూ ఇటూ. పైగా ఆ బరువంతా రెండు చేతుల మధ్యే ఉంటుంది కాబట్టి పెద్దగా తెలియదు. హెన్రీని ఎత్తగానే ముందుకు వాలినట్టు అనిపించడానికి కారణం వేరు. బ్యారెల్‌నూ, దాని కింద ఉండే తూటాల గొట్టాన్నీ ఒకే ఉక్కు ముక్కలోంచి చెక్కారు. అందులో 16 తూటాలు పడతాయి. ముందుచేత్తో పట్టుకోవడానికి చెక్క కూడా లేదు, నాలుగు కాల్పులు కాల్చాక వేడి తగులుతుంది. చెక్క 1866లో వచ్చింది.

అపోహ: ఏ రైఫిల్‌కైనా తూకం కుదిరే చోటు ఒక్కటే, అది మారదు.

వాస్తవం: నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇదే. గుండ్రటి కర్రముక్కను బల్ల మీద కదలకుండా బిగించి, దాని మీద రైఫిల్‌ను అడ్డంగా ఉంచి, ఎటూ వాలకుండా నిలిచిన చోట టేపు మీద పెన్సిల్ గీత పెడతాను. (ముందు ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూస్తాను.) తర్వాత మందు లేని డమ్మీ తూటాలు నింపి మళ్లీ చూస్తాను. 1873 మోడల్ .44-40 (సుమారు 0.44 అంగుళాల వెడల్పు) తూటా ఒక్కోటి దాదాపు 20 గ్రాములు, పదిహేను నింపితే 300 గ్రాములు. అదంతా బ్యారెల్ కిందే కాబట్టి గీత బొటనవేలి వెడల్పంత ముందుకు జరుగుతుంది.

కాలుస్తుంటే మళ్లీ వెనక్కి వస్తుంది, కానీ సమానంగా రాదు. స్ప్రింగు మిగిలిన తూటాలను వెనక్కి నెడుతుంది కాబట్టి ముందుగా ఖాళీ అయ్యేది గొట్టం కొస. సగం తూటాలు అయ్యేసరికే గీత చాలావరకు మొదటి చోటికి వచ్చేస్తుంది. చివరి నాలుగైదు తూటాలు రిసీవర్‌ను (బ్యారెల్ వెనక యంత్రభాగాలుండే లోహపు బాడీని) ఆనుకునే ఉంటాయి, వాటి వల్ల వచ్చే తేడా దాదాపు ఏమీ లేదు.

ఒకసారి ఒక 1873 గీత ఎంతకీ నేననుకున్న చోట పడలేదు, ముందుకే పోతోంది. గంటసేపు బ్యారెల్ మార్చారేమోనని తల పట్టుకున్నాను. తీరా చూస్తే బట్ (భుజానికి ఆనించే చెక్క) వెనక ఉక్కు పలకలోని చిన్న మూత కింద ఉండాల్సిన శుభ్రం చేసే కడ్డీ ముక్కలు లేవు. ఆ సంగతి ముందే చూడకపోవడం నా పొరపాటే.

అపోహ: ఎనిమిది పలకల బ్యారెల్ అయితే బరువు, గుండ్రటిదైతే తేలిక.

వాస్తవం: వెడల్పు సమానమైతే పలకలది ఐదారు శాతం ఎక్కువ బరువు. అంతవరకు నిజమే. కానీ లోపలి రంధ్రాన్ని ఎవరూ పట్టించుకోరు. అదే 1873, అదే బయటి కొలత, .44 బదులు .32 అయితే రంధ్రం చిన్నది, లోపల మిగిలిన ఉక్కు ఎక్కువ. 24 అంగుళాల బ్యారెల్‌కు లెక్కేస్తే దాదాపు 200 గ్రాములు తేడా. అంటే చిన్న తూటా రైఫిలే బరువు! కొనేవాళ్లు ఇది నమ్మరు, కాటా మీద పెట్టి చూపించాల్సి వస్తుంది.

అపోహ: ముందుభాగం బరువుగా ఉంటే డిజైన్ లోపం.

వాస్తవం: కాదు. నిలబడి గురిపెట్టేటప్పుడు ముందు కాస్త బరువుంటే బ్యారెల్ ఊగులాట తగ్గుతుంది. కావడి చూడండి, రెండు చివర్లా బిందెలుంటే బద్ద ఒక్కసారిగా అటూ ఇటూ తిరగదు. అదే బరువు మధ్యలో కట్టేస్తే ఇట్టే తిరుగుతుంది. గుర్రం మీద వెళ్లేవాడికి చటుక్కున తిరిగేది కావాలి, అందుకే పొట్టి కార్బైన్లు.

అపోహ: తూటాల గొట్టం తీసేసి పెట్టె పెట్టిన వించెస్టర్ 1895 మోడల్‌తో తూకం గొడవ తీరిపోయింది.

వాస్తవం: సగం తీరింది. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన ఆ రైఫిల్‌లో తూటాలు రిసీవర్ కిందే ఉంటాయి, నింపినా ఖాళీ చేసినా గీత పెద్దగా కదలదు. అయితే గొట్టం ఉన్న 1894 మోడల్‌ను తూకం కుదిరే చోట పట్టుకుని మైళ్లకొద్దీ నడవొచ్చు, రిసీవర్ పల్చగా అరచేతిలో ఇమిడిపోతుంది. 1895లో సరిగ్గా ఆ చోటే పెట్టె పొడుచుకొచ్చి ఉంటుంది. షెల్ఫు నుంచి బల్ల దాకా తెచ్చేలోపే దాన్ని రెండుసార్లు చేయి మార్చి పట్టుకుంటాను.