నడుం నొప్పికి, ఎక్సర్‌సైజ్‌కు మధ్య భయం

మూడు నెలలు దాటినా తగ్గని నడుం నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. దానికి ఎక్సర్‌సైజ్ మంచిదని డాక్టర్లు ఏళ్లుగా చెబుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ అదే ఉంది. అయినా ఫిజియోథెరపిస్టు (ఫిజియో) ఎక్సర్‌సైజ్ బొమ్మలు గీసిచ్చిన కాగితం వారం తిరక్కముందే బీరువాలో చీరల కిందికి చేరుతుంది. ఇంట్లోవాళ్లు బద్ధకం అంటారు. నన్నడిగితే అందులో బద్ధకం వాటా చాలా తక్కువ.

అసలు అడ్డంకి స్కానింగ్ కవర్‌తోనే ఇంటికొస్తుంది. హన్మకొండలో ఎమ్మారై తీయించుకున్నాయన రిపోర్టులో "ఎల్4-ఎల్5 డిస్క్ బల్జ్" అని ఉంటుంది, అంటే నడుం కింది భాగంలో రెండు ఎముకల మధ్య దిండులా ఉండే డిస్క్ కాస్త ఉబ్బిందని. ఇల్లు చేరేసరికి అది "డిస్క్ జరిగిందట" అవుతుంది. సాయంత్రం చుట్టాలొచ్చి పోయేలోపు "నడుం మొత్తం అరిగిపోయిందట, ఇగ వంగొద్దట" అవుతుంది. అరిగినదాన్ని ఆడిస్తే ఇంకా అరుగుతుందన్న లెక్క బండి బేరింగుకు సరిపోతుంది. ప్రాణమున్న ఎముకకు, కండకు సరిపోదు. తగిన మోతాదులో బరువు పడితే అవి గట్టిపడతాయి, వాడకపోతే నీరసిస్తాయి.

ఆ రిపోర్టు గురించి ఇంకో సంగతి. నొప్పి అసలే లేనివాళ్ల స్కానింగులపై వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2015లో లెక్క తీశారు. 20 ఏళ్ల వయసువాళ్లలో 30 శాతం మందికి, 80 ఏళ్లవాళ్లలో 84 శాతం మందికి డిస్క్ బల్జ్ ఉంది. వాళ్లు హాయిగా తిరుగుతున్నారు. రిపోర్టు చేతికిచ్చేటప్పుడు ఈ ఒక్క ముక్క చెబితే సగం భయం అక్కడే తీరుతుంది. ఓపీలో వంద మంది లైన్లో ఉంటే చెప్పే తీరిక ఎవరికుంటుంది?

అన్ని నొప్పులూ ఒకటి కావు, నిజమే. మల మూత్రాల మీద అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, కాలు బలం పోయి పాదం ఈడుస్తున్నా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరం, ఊరికే బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్, కిందపడి పెద్ద దెబ్బ తగలడం లాంటివి ఉంటే ఎక్సర్‌సైజ్ కంటే ముందు డాక్టర్. కానీ నూటికి 90 మందిలో నొప్పికి ఇదీ అని చూపించగల కారణం దొరకదు. ఇక్కడ చెబుతున్నది వాళ్ల గురించే.

భయం ఎలా పనిచేస్తుందో వ్లాయెన్, లింటన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2000లో వివరంగా రాశారు. నొప్పి రాగానే లోపల ఏదో తెగిందనుకుంటాం. కదలడం తగ్గిస్తాం. కండలు సడలుతాయి, చిన్న పనికే నొప్పి లేస్తుంది, "చూశావా, నేను చెప్పలే?" అని భయం ఇంకా ముదురుతుంది. నీళ్ల బిందె ఎత్తబోయే మనిషిని దగ్గర్నుంచి గమనించండి. వంగకముందే ఊపిరి బిగబడుతుంది, ఒక చెయ్యి నడుం మీదికి పోతుంది, మోకాళ్లు కూడా కదలవు. నొప్పి ఇంకా రానేలేదు. ఆ బిగింపుతోనే కండరాలు అలసిపోతాయి.

ఇంకో అడ్డంకి పట్నం ఆరోగ్య పేజీల్లో కనిపించదు. "పొద్దంత పనే చేస్తున్న సార్, మళ్ల ఎక్సర్‌సైజ్ ఎందుకు?" అని ఎనుమాముల మార్కెట్ హమాలీ అడిగితే కోప్పడొద్దు. న్యాయమైన ప్రశ్నే. బస్తా మోయడంలో బరువు ఎంతో, ఎన్నిసార్లో, ఎప్పుడు ఆపాలో నిర్ణయించేది ఆయన కాదు. ఒకే కండ మీద ఒకే భారం, మధ్యలో కోలుకునే వ్యవధి లేదు. ఎక్సర్‌సైజ్‌లో మోతాదు మన చేతిలో ఉంటుంది.

జగిత్యాల, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లది దీనికి పూర్తిగా తిరగేసిన కష్టం. ఒళ్లో చాట, అందులో తంబాకు, కత్తిరించిన తునికాకు. తల వంచుకుని గంటలకు గంటలు నేలమీదే. కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది కాబట్టి లేచిన ప్రతి నిమిషం కూలిలో కోతే. ఆమెకు "రోజూ అరగంట వాకింగ్" అని చీటీ రాసిస్తే అది చెత్తబుట్టకే. రెండు కట్టలు కట్టగానే లేచి, గోడకు చేతులానించి నాలుగుసార్లు వెనక్కి వంగి, మళ్లీ కూర్చోమంటే చేసే వీలుంది.

నడవడానికీ చోటు, వేళ కావాలి. భద్రకాళి బండ్ మీద పొద్దున్నే కనిపించేవాళ్లలో రిటైరైనవాళ్లు, ఉద్యోగులే ఎక్కువ. ఊళ్లో ఒకామె పనేం లేకుండా రోడ్డు వెంట నడిస్తే "ఏమైందక్కా, షుగర్ వచ్చిందా?" అంటారు. ఎండాకాలంలో ఏడు దాటితే బయట నడవలేం. ఆ ఏడు లోపే నీళ్లు పట్టాలి, వంట కావాలి, పిల్లల టిఫిన్ డబ్బా కట్టాలి. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కలిసి బయల్దేరితే ఈ ప్రశ్నలు తగ్గుతాయి. ఒకరు రాకపోతే ఇంకొకరు తలుపు తడతారు కాబట్టి మానేయడం కూడా తగ్గుతుంది.

మొదలుపెట్టినవాళ్లు మధ్యలో ఆపేయడానికి కారణం వేరు. నొప్పి కాస్త తగ్గిన రోజు మిగిలిపోయిన పనంతా మీదేసుకుంటారు, పత్తి చేనుకూ పోతారు. తర్వాత మూడు రోజులు మంచం మీద. "ఎక్సర్‌సైజ్ పడలేదు" అని తేల్చేస్తారు. నొప్పి ఎక్కువున్న రోజు కూడా చేయగలిగినంతతో మొదలుపెట్టి, వారం వారం కొద్దిగా పెంచడం మేలు. చేశాక కాస్త నొప్పి లేచి మర్నాటికి సర్దుకుంటే కంగారు పడక్కర్లేదు. ఆశ కూడా కొలతలో ఉండాలి. వైద్య అధ్యయనాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2021లో 249 అధ్యయనాలను చూస్తే, నొప్పిని 0 నుంచి 100 దాకా కొలిచే లెక్కలో ఎక్సర్‌సైజ్ చేసినవాళ్లకు చేయనివాళ్ల కంటే సగటున 15 పాయింట్లు తక్కువ ఉంది. మొత్తం పోతుందనుకున్నవాళ్లు పదో రోజే మానేస్తారు. అందుకే కొందరు ఫిజియోలు నొప్పి ఎంతుందని అడగడం తగ్గించి, ఏం చేయాలనుందని అడుగుతారు. వచ్చే మేడారం జాతరకు జంపన్న వాగు నుంచి గద్దెల దాకా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడవాలి అన్నది మంచి జవాబు. ఏ రకం ఎక్సర్‌సైజ్ అన్నది దీని తర్వాతే, రకాల మధ్య తేడా పెద్దగా లేదు.

ఖర్చు మాట మిగిలింది. మన దగ్గర పది రోజులు వరసగా క్లినిక్‌కు పోయి "కరెంట్ పెట్టించుకోవడం" (చర్మం మీద ప్యాడ్లు అంటించి సన్నటి కరెంట్ పంపే టెన్స్ లాంటి చికిత్స), ట్రాక్షన్ వేయించుకోవడం (బరువుతో నడుం లాగించుకోవడం), బెల్టు కొనడం మామూలు. దీర్ఘకాలిక నడుం నొప్పికి ఈ మూడూ వద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆస్ట్రేలియాలో, నడుం నొప్పి వచ్చి తగ్గిన 701 మందితో చేసిన అధ్యయనం 2024లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఫిజియో సలహాతో నడక పెంచుకుంటూ పోయినవాళ్లలో సగం మందికి నొప్పి తిరగబెట్టడానికి 208 రోజులు పట్టింది, ఏ సలహా లేనివాళ్లలో 112 రోజులే. దానికోసం వాళ్లు ఫిజియో సలహా తీసుకుంది ఆరు నెలల్లో ఆరుసార్లు.