పలకల ఊరి నుంచి ఉత్తరం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న స్టేషన్‌కి పోతూ "ఈ రాళ్ల గుట్టలేంటి తాతా?" అని అడిగారు. రైలుకి టైమవుతోందని అప్పుడు చెప్పలేదు. అవి పలకల ఫ్యాక్టరీలవాళ్లు పారబోసిన వేస్టు రాయి. మన మార్కాపురం 1970లో ప్రకాశం జిల్లాలోకి వచ్చింది, అంతకుముందు కర్నూలు జిల్లా. జిల్లా ఏదైనా ఊరి పేరు చెప్పగానే పలకలే గుర్తొచ్చేవి.

పలకరాయి ఒకప్పుడు ఒట్టి బురద. కోట్ల ఏళ్లు భూమిలోపల నలిగీ కాగీ, రేణువులన్నీ ఒకే వరసన సర్దుకున్నాయి. ఆ వరస చూసి సన్నటి ఉలి పెట్టి కొడితే రేకులు రేకులుగా విడిపోతుంది. అదీ గనిలోంచి తీసిన పచ్చిరాయైతేనే, ఎండిందా, మొండికేస్తుంది. చేయి తిరిగినవాడు తట్టి వింటాడు. ఖంగుమంటే మంచిరాయి, మొద్దుగా మోగితే లోపల పగులున్నట్టే. తర్వాత మిషన్ మీద కోత, నునుపు పట్టడం, చెక్కబద్దల చట్రం.

కొత్త పలకకి మేం బొగ్గూ, గుంటగలగరాకూ రుద్ది నలుపెక్కించేవాళ్లం. ఉమ్మితో తుడిచామో, వీపు విమానం మోతే!

ఇక కోతమిషన్ సంగతి. దాని దగ్గర లేచే దుమ్ములో సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే, ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి, మళ్లీ బాగుపడవు. సిలికోసిస్ అంటారు. మీ ఈడు పిల్లలు కూడా బడి మానేసి ఆ దుమ్ములో పలకలు చేశారు. నోటుపుస్తకాలూ ప్లాస్టిక్ పలకలూ వచ్చాక గిరాకీ పడిపోయింది. కొందరు గోడలకీ నేలకీ పరిచే రాళ్ల వ్యాపారంలోకి మళ్లారు.

మీ బడిలో అద్దాల బీరువాలో నా పాత పలక పెడతామన్నారుగా, పెట్టండి. నేను ఒక ఉలీ, మూతికి కట్టుకునే తుండుగుడ్డా కూడా పంపుతున్నా. గుడ్డని ఉతక్కండి. మడతల్లో బూడిదరంగు దుమ్ము ఇంకా ఉంది, అదీ కనపడాలి. ఒట్టి పలక పెడితే చూసినవాళ్లు "భలే ముద్దుగా ఉందే" అని పోతారు.

ఇంకో పని. మన వీధి చివర రాయి చీల్చిన పెద్దాయన ఉన్నాడు. ఎండాకాలం సెలవులకొచ్చినప్పుడు ఆయన చేతులు ఆడే తీరు ఫోన్లో వీడియో తీద్దాం. మిషన్ల మోతకి కుడిచెవి పోయింది, మీరు ఎడంపక్కన కూర్చుని అడగండి.

మీ తాతయ్య